మేత బరువు

మా ఊరు సుల్తాన్‌పూరు. పటాన్‌చెరు ప్రాంతమున వైద్యపరికరములు చేయు కర్మాగారములకు నేడది పేరు పొందినది. నా చిన్నతనమున అచ్చట జొన్నచేలు, బండ్లబాటలు మాత్రమే యుండెడివి. ఆ బాటపై నేర్చిన పాఠమొకటి ఏబదియేండ్ల పిమ్మట విమానము మూలమున నాకు మరల జ్ఞప్తికి వచ్చినది.

1970వ సంవత్సరమున నాకు పదునాలుగేండ్లు. మా నాయనకు జ్వరము తగిలినందున, జొన్నల బస్తాలను సదాశివపేట అంగడికి చేర్చు పని నామీద పడెను. నాయన ఎప్పుడును నడుమ సంగారెడ్డిలో బండి విప్పి, ఎద్దులకు నీరు పెట్టి, అచ్చటనే మేత కొని వేసి, రాత్రి గడపెడివాడు. నాకు తొందర యెక్కువ. ఎచ్చటను ఆగక పోయి, నాయనకంటె ముందుగా చేరితినని అనిపించుకొనవలెనని ఉబలాటపడితిని. అందుచే దారిపొడుగునకు సరిపడు చొప్పకట్టలను బండిమీద వేసికొంటిని. వానికి చోటు చాలక రెండు బస్తాలను ఇంటనే దించితిని.

సంగారెడ్డి దాటిన పిమ్మట ఒక ఎత్తున వలపటి ఎద్దు మోకాళ్లమీద కూలెను. దారినిపోవు వారు వచ్చి కాడి విప్పిరి. ఎద్దు బ్రతికినది గాని మరల బరువు లాగలేదు. నాయన నన్ను కొట్టలేదు. “బిడ్డా, మేత కూడ బరువే గదా! రేపటి మేతను మోయుటకు ఎద్దు ఈనాడే కొంత మేత తినవలె” అని మాత్రమనెను.

2021 జనవరి 15న ఎయిరిండియా వారు హైదరాబాదు నుండి చికాగోకు నడుమ ఎచ్చటను ఆగని విమానమును ప్రారంభించిరి. మా అమ్మాయి అప్పుడు చికాగోలో నిండుచూలాలు. నా భార్యకు ఆంగ్లము రాదు, విమానమెక్కి యెరుగదు. నడుమ దిగనక్కరలేదని విన్నంతనే మా యింట పెద్ద దిగులు తీరెను. ఫిబ్రవరిలో ఆమెకు ప్రయాణము కుదిరినది. మా ఊరి కిరాణా దుకాణమున పెట్టెలు తూచితిమి. తూకము మించినందున ఆవకాయ జాడీ యొకటి ఇంటనే యుండిపోయెను. దానిని చూడగా ఆనాడు దించిన రెండు బస్తాలు నా కన్నులయెదుట నిలిచినవి. ఆ రాత్రి నుండి విమానములను గూర్చి చదువసాగితిని.

హైదరాబాదు నుండి చికాగోకు సూటిగా సుమారు 13,300 కిలోమీటర్లు. ఆ దారిన నడచిన బోయింగ్ 777-200 ఎల్.ఆర్. విమానము నేల విడుచునప్పుడు 347 టన్నులకు మించి తూగరాదు. టాంకులు నిండ నింపినచో అందు 145 టన్నులు ఇంధనమే! బయలుదేరినప్పుడు విమానము మిక్కిలి బరువుగా నుండును గావున తొలిగంటలలో ఎక్కువ ఇంధనమును కాల్చును. ఆ కాల్చునది ప్రయాణికులను మోయుటకు మాత్రమే కాదు. చివరిగంటలకై దాచిన ఇంధనమును మోయుటకు కూడ. టాంకులను ఇంకను పెంచిన చాలదా యందురేమో! రెక్కలకు, చక్రములకు, పరుగుబాటకు ఒక హద్దు కలదు. ఆ హద్దు చేరిన పిమ్మట ఇంధనము పెంచవలెనన్న మనుష్యులనో, సామానులనో దించవలసినదే. ఎదురుగాలి వీచినను, దిగవలసినచోట దిగ వీలుకాకున్నను అక్కరకు వచ్చుటకు కొంత ఇంధనమును మిగుల్చుకొనవలెను.

2005 నవంబరులో ఈ జాతి విమానమే హాంకాంగు నుండి తూర్పుదిక్కుగా లండనుకు 21,602 కిలోమీటర్లు ఆగక యెగిరినది. పట్టిన కాలము 22 గంటల 42 నిమిషములు. కాని అందున్నవారు 35 మంది మాత్రమే. సింగపూరు నుండి న్యూయార్కుకు 2018లో మరల మొదలైన విమానమునందు 1,65,000 లీటర్ల ఇంధనమునకు చోటు కలదు. ప్రయాణికులకు 161 ఆసనములే. దూరము పెరిగిన కొలది బస్తాలు తగ్గుచున్నవి, చొప్ప పెరుగుచున్నది.

చికాగో విమానము కొంతకాలము నడచి నిలిచిపోయినది. దారి మారినను కష్టమే. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాను తన గగనతలమును భారతీయ విమానములకు మూసివేయగా దారి పొడుగయ్యెను. ఢిల్లీ నుండి అమెరికాకు పోవు ఎయిరిండియా విమానములు కొన్ని వియన్నాలోను, కోపెన్‌హాగెన్‌లోను దిగి ఇంధనము నింపుకొనవలసి వచ్చినది. దానిని ఓటమి యని నేననను. సంగారెడ్డిలో బండి విప్పుటయు ఓటమి కాదని నాకు ఎద్దు నేర్పినది.

ఇప్పుడు నా భార్య మనుమరాలిని చూడ మరల పోవలెను. ఈమారు నడుమ ఒకచోట దిగి వేరొక విమానమెక్కవలెను. “తెలియని ఊరిలో దారి తప్పిన నేనేమి చేయుదును?” అని ఆమె దిగులుపడుచుండెను. నలుబదియేండ్లుగా ఆమెతో చెప్పని సంగతిని, ఆ ఎద్దు కూలిన సంగతిని, మొన్న రాత్రి చెప్పితిని. ఆమె సాంతము విని,

“దానికి నీళ్లు పెట్టితిరా?” అని అడిగెను.

“పెట్టితిమి. కాని ఆలస్యముగా” అంటిని.

ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట లేచి, సర్దిన పెట్టెను తెరచి, అందుండి ఒక జాడీని తానే తీసి పక్కన పెట్టెను. “దిగిన చోట ఎవరి నడుగవలెనో కాగితముమీద వ్రాసి యిండు. దిగియే పోయెదను” అనెను.