చలువ తెరలు

తెలుగులో ‘చలువ’ అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి చల్లదనం. రెండవది ఉతికి తెల్లబరచిన బట్టకుండే స్వచ్ఛత. నా చిన్ననాడు ‘చలువ పంచె’ అంటే ఏమిటో ఎవరికీ వివరించి చెప్పవలసిన అవసరం ఉండేది కాదు. మండుటెండలో ఆరి తెల్లబడిన బట్టకు చల్లదనాన్ని తెలిపే పేరు ఎందుకు వచ్చిందో నేనెన్నడూ ఆలోచించలేదు. నా తొందరపాటు వల్ల రెండు కిటికీ తెరలు పాడైన నాడు, ఆ మాట మా అమ్మ నోట విని ఆలోచించవలసి వచ్చింది.

మా ఇల్లు మచిలీపట్నంలో ఉన్నది. నాన్నగారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులుగా పనిచేసి, 1998లో కాలం చేశారు. ఆయన వస్త్రాలను ఆచారం ప్రకారం ఇతరులకు ఇచ్చివేసినప్పుడు, అమ్మ రెండు మల్లు పంచెలను మాత్రం పెట్టెలో దాచుకొన్నది. కొన్నేళ్ళ తరువాత వాటిని కత్తిరించి, వీధి గదిలోని రెండు కిటికీలకు నాలుగు తెరలు కుట్టించింది. బంధువులలో కొందరు ఇది పద్ధతి కాదన్నారు. అమ్మ వారికి బదులు చెప్పలేదు. ఆ గదిలోనే, కిటికీ ప్రక్కన, నాన్నగారు పరీక్షా పత్రాలు దిద్దుకొనే కుర్చీ ఉండేది.

సముద్రతీరపు గాలికి ఇనుప ఊచలు ఎంత త్వరగా తుప్పు పడతాయో ఆ ప్రాంతం వారికి తెలుసు. ఊచలకు తగిలిన చోటల్లా తెరలకు తుప్పు మరకలు పడ్డాయి. వీధి దుమ్ముతో, పూజ గది నుండి వచ్చే సాంబ్రాణి పొగతో అవి క్రమంగా పసుపు వన్నెకు తిరిగాయి. 2011 సంక్రాంతికి నేను హైదరాబాదు నుండి వెళ్ళేసరికి అమ్మ గుడివాడలో మా అక్క ఇంటికి వెళ్ళి ఉన్నది. గోడలకు సున్నం వేయించాను. సున్నం పడిన గోడల మధ్య ఆ తెరలు మరింత మాసినట్లు కనిపించాయి. అమ్మ తిరిగి వచ్చే నాటికి వాటిని మల్లెపూల వలె చేసి చూపాలని నాకు బుద్ధి పుట్టింది.

పెరటి బావిలో వేయడానికి తెచ్చిన బ్లీచింగ్ పౌడరు డబ్బా ఒకటి వంటింటి అటక మీద కనిపించింది. తేమ తగిలి నిలువ ఉన్న పొడికి శక్తి తగ్గుతుందని ఎక్కడో చదివాను. అది నిజమే. కాని ఆ డబ్బా మూత బిగువుగా ఉన్నదన్న సంగతిని నేను లెక్కలోకి తీసుకోలేదు. సగం డబ్బాను బకెట్టు నీటిలో గుమ్మరించి, గడ్డలు కరిగాయో లేదో చూడకుండా, ముందుగా రెండు తెరలను అందులో ముంచి రాత్రంతా వదలివేశాను. అల్పజ్ఞానం ఎంత ధైర్యాన్నిస్తుందో! తుప్పు మరకలకు నిమ్మరసం మంచిదని కూడా నేను విని ఉన్నాను. దానిని కూడా అదే బకెట్టులో పిండకపోవడం నా అదృష్టం. బ్లీచింగ్ పౌడరుకు ఆమ్లం తోడైతే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. 1915లో ఈప్ర యుద్ధరంగంలో సైనికుల మీదికి విడిచిన విషవాయువు అదే.

తెల్లవారి చూస్తే తెరలు తెల్లబడిన మాట వాస్తవమే. తుప్పు మరకలు మాత్రం పోలేదు సరికదా, మునుపటి కంటె ముదిరి కనిపించాయి. పిండబోతే బట్ట నానిన కాగితం వలె చేతిలో విడిపోయింది. గడ్డలు ఆనిన చోట రూపాయి బిళ్ళలంత రంధ్రాలు పడ్డాయి. బ్లీచింగ్ పౌడరు మరకను కడిగివేయదు. ఆక్సీకరణం వల్ల రంగునిచ్చే పదార్థాన్ని విరిచివేస్తుంది. మోతాదు మించితే, రంగు ఎక్కడ ముగిసిందో నూలు ఎక్కడ మొదలైందో దానికి తెలియదు. నూలు పోగులోని సెల్యులోజును కూడా అట్లాగే విరుస్తుంది. ఇనుము తుప్పు అప్పటికే ఆక్సీకరణం చెందినది గనుక దాని మీద ఈ ప్రతాపం పనిచేయదు.

ఈ పొడికి రెండు శతాబ్దాలకు మించిన చరిత్ర ఉన్నది. 1774లో షీలే క్లోరిన్‌ను కనుగొన్నాడు. 1785లో బెర్తొలే దానితో బట్టలు తెల్లబరచవచ్చునని చూపాడు. 1799లో చార్లెస్ టెన్నంట్ దానిని సున్నంతో కలిపి పొడిగా తయారుచేసే పద్ధతికి హక్కు పొందాడు. అంతకు ముందు ఐరోపాలో నారబట్టలను పచ్చిక మీద పరచి, తడుపుతూ, పుల్లమజ్జిగలో నానవేస్తూ నెలల తరబడి వేచి ఉండేవారు. ఆ నిరీక్షణను టెన్నంట్ పొడి తప్పించింది. నేను కూడా నిరీక్షణ తప్పించుకోవాలనే చూశాను.

మరునాడు అమ్మ వచ్చింది. నేను తల వంచుకొని జరిగినది చెప్పాను. ఆమె కోపగించుకోలేదు. చిరిగిన తెరల అంచులను వేళ్ళతో తడుముతూ దేనికోసమో వెదికింది. తరువాత, నేనింకా ముట్టని రెండు తెరలను విప్పి, వాటి అంచులను కూడా అట్లాగే చూసింది. ఒకచోట ఆమె చేయి ఆగింది. అక్కడ బఠాణీ గింజంత సిరా మచ్చ ఉన్నది. పత్రాలు దిద్దే వేళ నాన్నగారు కలం పాళీని పంచె కొంగుకు తుడుచుకొనేవారు. ఎన్ని ఉతుకులకూ పోకుండా ఆ మచ్చ నిలిచింది. ఆ సంగతి నాకు అంతవరకు తెలియదు. అమ్మ కుర్చీలో కూర్చుండి, “ఉన్నదిలే నాయనా” అని మాత్రం అన్నది.

కొంతసేపటికి ఆమే లేచి, మిగిలిన రెండింటినీ తానే చలువ చేస్తానన్నది. అమ్మ పుట్టిల్లు మాకు దగ్గరలోని పెడన. అక్కడి అద్దకపు పనివారు బట్టను పేడనీటిలో నానవేసి, ఎండలో పరచి, తడి ఆరకుండా నీళ్ళు చిలకరిస్తూ తెల్లబరచడం ఆమె చిన్ననాట చూసింది. ఒకప్పుడు ఐరోపా సంపన్నుల పడకల చుట్టూ తెరలుగా వ్రేలాడిన కోరమాండల్ తీరపు అద్దకాలకు ఇట్లా తెల్లబరచిన బట్టే ఆధారం. మా ఇంటి బట్టలను రేవుకు తీసుకొని వెళ్ళే వృద్ధురాలు సవుడు మట్టి నీటిలో ముంచి, బాన మీద ఉబ్బవేయడం నేనూ చూశాను గాని, గమనించలేదు.

మొదటిరోజు అమ్మ ఆ తెరలను చన్నీటిలో నానవేసి, నీరు తేటపడేవరకు నాలుగుసార్లు మార్చింది. దుమ్ము వదలకముందే సబ్బు పెడితే మురికి పోగులలోకి ఎక్కుతుందట. రెండవ రోజు చాకలి సోడా కలిపిన వేడినీటిలో ఉంచి, బండకు బాదకుండా చేతితోనే ఉతికింది. ఆ తరువాత మూడు రాత్రులు పెరటి గడ్డి మీద మంచులో పరచి, పగలు తడి ఆరిపోకుండా నీళ్ళు చల్లుతూ ఎండలో ఉంచాము. ఆ చల్లే పని నాకు అప్పగించింది. “ఆరనీయకు. చల్లగా ఉంటేనే తెలుపు తిరుగుతుంది. అందుకే గదా చలువ అన్నారు” అన్నది. భాషాశాస్త్రజ్ఞులు దీనిని ఒప్పుకొంటారో లేదో గాని, చెంబు పట్టుకొని ఎండలో నిలబడిన నాకు అది నమ్మదగినదిగానే తోచింది.

తుప్పు మరకల మీద నిమ్మచెక్కతో ఉప్పు అద్ది రుద్ది, ఎండలో పెట్టి జాడించింది. మరకలు చాలావరకు కరిగిపోయాయి. సిరా మరకలకు కూడా నిమ్మకాయ రుద్దడం ఆమెకు అలవాటే. బడి రోజుల్లో నా చొక్కాలకు ఎన్నిసార్లు రుద్దిందో! నిమ్మచెక్క అంచు వెంట జరుగుతూ ఆ మచ్చ దగ్గరకు వచ్చి, దానిని దాటి ముందుకు పోయింది.

చివర జాడింపు నీటిలో నీలిమందు రెండు చుక్కలు వేసింది. నీలిమందు పసుపు వన్నెను పోగొట్టదు. పసుపుకు నీలం తోడై, మన కంటికి తెలుపుగా తోస్తుంది. ఇప్పటి సబ్బు పొడులలో కలిపే కాంతివర్ధకాలు కూడా అతినీలలోహిత కిరణాలను గ్రహించి నీలికాంతిని వెలువరిస్తూ ఇటువంటి పనే చేస్తాయి. పలుచని గంజి పెట్టి ఆరవేశాక చూస్తే, అవి నేను పాడుచేసిన వాటంత తెల్లగా లేవు. ఎండకు పట్టి చూస్తే లేత మీగడ వన్నె కనిపిస్తున్నది.

భోగినాటి ఉదయం అమ్మ స్టూలు వేయించుకొని వాటిని తానే కట్టింది. మచ్చ ఉన్న అంచు కుర్చీ వైపునకు వచ్చేటట్లు ఒక తెరను విప్పి, మార్చి కట్టింది. రెండవ కిటికీకి బజారు నుండి కొత్త బట్ట తెస్తానన్నాను. ఇప్పుడే తొందర లేదన్నది. ఆ పండుగకు ఆ కిటికీ తెర లేకుండానే ఉన్నది.