కుడివైపు ఫెండరు

మా గరాజులో మా కారుకు చోటు లేక మూడు శీతాకాలాలు గడిచాయి. 2021 నవంబరులో ఒక శనివారం మా పెద్దబ్బాయి తుప్పు పట్టిన 1969 ప్లిమత్ రోడ్ రన్నర్ కారును ట్రైలరు మీద వేసుకొని వచ్చి అక్కడ దింపాడు. నాటి నుండి మంచు కురిసిన ప్రతి ఉదయమూ మేమిద్దరం పార పట్టుకొని మా బండిని బయట మంచులోనుండి తవ్వి తీసుకొనవలసి వచ్చేది. దానికి పద్నాలుగు వేల డాలర్లు పోశాడని తెలిసిన రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

మేము 1997లో గుంటూరు నుండి వచ్చి మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ నగరానికి ఉత్తరాన స్థిరపడ్డాము. మాలో ఒకరు కార్ల విడిభాగాల కంపెనీలో పని చేశారు, మరొకరు బడిలో లెక్కలు చెప్పారు. కార్లు మాకు అన్నం పెట్టాయి గాని కార్లంటే పిచ్చి మాకెన్నడూ లేదు. అది ఈ ఊరి గాలిలోనే ఉన్నది కాబోలు, ఇక్కడ పుట్టిన పిల్లవాడికి తగులుకొంది.

ఆ గాలి సంగతి కొంచెం చెప్పాలి. డెట్రాయిట్ నడిబొడ్డు నుండి పోంటియాక్ పట్టణం దాకా వుడ్‌వర్డ్ అవెన్యూ అనే పెద్ద రోడ్డు ఉన్నది. 1909లో దీని మీదనే ఒక మైలు పొడవున కాంక్రీటు పోసి దేశానికి దారి చూపించారు. ఫోర్డు కంపెనీ హైలాండ్ పార్క్ కర్మాగారం కూడా దీని ప్రక్కనే. 1960లలో కంపెనీలు కుటుంబాలు వాడుకొనే మామూలు కార్లలో పెద్ద పెద్ద ఇంజన్లు బిగించి తక్కువ ధరకు కుర్రవాళ్లకు అమ్మసాగాయి. 1964లో వచ్చిన పోంటియాక్ జీటీవోతో ఈ ఒరవడి ఊపందుకొంది. వాటికే మజిల్ కార్లని పేరు. రాత్రి అయ్యేసరికి ఆ కుర్రవాళ్లు వుడ్‌వర్డ్ మీద చేరి, ఒక ఎర్రదీపం దగ్గర ప్రక్కప్రక్కన ఆగి, పచ్చదీపం పడగానే తరువాతి దీపం దాకా పందెం వేసేవారు. కంపెనీల ఇంజనీర్లు కూడా తమ కొత్త బండ్లను తెచ్చి అక్కడ పరీక్షించుకొనేవారట. ఇన్సూరెన్సు ధరలు, పొగ మీద వచ్చిన చట్టాలు, ఆపైన 1973లో పెట్రోలు కరువు కలిసి ఆ కాలాన్ని ముగించాయి.

ఆనాటి కార్లలో కొన్నింటికి పేర్లు మిగిలాయి. వుడ్‌వర్డ్ ప్రక్కనున్న ఒక పెట్రోలు బంకులో పనిచేసిన జిమ్మీ ఆడిసన్ నడిపిన 1967 ప్లిమత్ జీటీఎక్స్‌ను ‘సిల్వర్ బుల్లెట్’ అనేవారు. చేతులు మారిన ఆ బండిని తరువాత ఒక సేకరణకారుడు కొని, నాటి రూపానికి తిరిగి తెచ్చాడు. అన్నింటికంటె చిత్రమైనది ‘బ్లాక్ గోస్ట్’ కథ. నల్లని 1970 డాడ్జ్ ఛాలెంజర్ అది. తోక మీద తెల్లని పట్టీ, లోపల 426 ఘనపు అంగుళాల హెమీ ఇంజన్. రాత్రి ఎక్కడినుండో వచ్చి, పందెం గెలిచి, మళ్లీ కొన్ని నెలలు కనిపించకుండా పోయేది. నడిపేది ఎవరో తెలియక దానిని నల్ల దయ్యమన్నారు. నడిపినది గాడ్‌ఫ్రీ క్వాల్స్ అనే డెట్రాయిట్ పోలీసు! సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. తరువాత కారును గరాజులో పెట్టి తాళం వేశాడు. 2015లో చనిపోవుటకు ముందు దాని కాగితాలు కొడుకు చేతిలో పెట్టాడు. 2020లో ఆ కారు జాతీయ చారిత్రక వాహనాల పట్టికలోకి ఎక్కింది. 2023 మే నెలలో ఇండియనాపొలిస్ వేలంలో పది లక్షల డాలర్లకు పైగా పలికింది. దాని ఇంజన్‌ను నడిచే స్థితికి తెచ్చారే గాని, పాత రంగును, గీతలను ముట్టుకోలేదు. అది అలా ఉండటమే దాని విలువ అన్నారు.

ఈ కథ మా అబ్బాయి మాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. పగలు చట్టాన్ని కాపాడి రాత్రి చట్టాన్ని మీరిన మనిషిని మెచ్చుకోవాలా అని మేము అడిగేవాళ్లం. “మీకు అర్థం కాదు” అనేవాడు. నిజమే, ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు.

వాడు కొన్న కారుకు కూడా అటువంటి చరిత్ర ఉన్నదని అమ్మినవాడు చెప్పాడు. వుడ్‌వర్డ్ మీద ఓటమి ఎరుగని హెమీ కారు ఇదేనని, ఇంజను మాత్రం మార్చారని. ఆ మాట నిజమో కాదో తేల్చడానికి ఎవరినీ అడగనక్కరలేదని మాకు తరువాత తెలిసింది. డాష్‌బోర్డు మీద, అద్దం వెనుక, చిన్న రేకు మీద కారు నంబరు ఉంటుంది. ఆ సంవత్సరపు ప్లిమత్ కార్లలో ఐదవ అక్షరం ఇంజనును చెబుతుంది. హెమీకి ‘జె’ ఉండాలి. మా వాడి కారుకు ‘హెచ్’ ఉన్నది. అంటే 383 ఇంజను, రోడ్ రన్నరుకు మామూలుగా వచ్చేదే. నంబరు రేకు మార్చారేమోనని రేడియేటరును పట్టుకొనే అడ్డపట్టీ మీద, డిక్కీ రబ్బరు క్రింద అంచు మీద కొట్టిన అంకెలు కూడా చూశాడు. అన్నీ ఒకటే. చివరకు ఇంజను మీది జిడ్డు గోకి చూస్తే దాని మీదా అవే అంకెలు! కారు నకిలీ కాదు, కథే నకిలీ.

వాడు రెండు వారాలు గరాజులోకి పోలేదు. “పోనీలే, తిరిగి అమ్మేయి” అన్నాం. “ఏమని చెప్పి అమ్మను? నాకు చెప్పిన అబద్ధమే చెప్పనా?” అన్నాడు. ఆ మాటకు మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకొన్నాము. లోలోపల సంతోషించాము కూడా, పైకి చెప్పలేదు.

తరువాత వాడి వెదుకులాట మరో దారి పట్టింది. గొప్ప కారు కాకపోతే పోయింది, ఇది ఎవరి కారు? 1994 నాటి చట్టం వలన ఇక్కడ వాహనాల ఆఫీసు వారు పాత యజమానుల పేర్లు ఊరికే ఇవ్వరు. వెనుక సీటు స్ప్రింగుల మధ్య, ఆ కారుకు ఏమేమి బిగించాలో కర్మాగారంలో కొట్టిన కాగితం ఒకటి దొరికింది. ఎలుకలు సగం తినేశాయి. రంగు ఆకుపచ్చ అని మాత్రం తెలిసింది. అసలు ఆధారం కారు పుస్తకానికి అంటుకొని ఉన్న వారంటీ కార్డు. దాని మీద మొదటి యజమాని పేరు, ఊరు ఉబ్బెత్తు అక్షరాలతో ఉన్నాయి. అంత అరుదైన ఇంటిపేరు గలవారు ఆ చుట్టుప్రక్కల ఒక్క కుటుంబమే. ఫోను చేస్తే బెదిరిపోతారని ఉత్తరం వ్రాయించాము. ఐదు వారాలు జవాబు లేదు. ఆరవ వారం ఒక పెద్దాయన స్వయంగా ఫోను చేసి, “కుడివైపు ఫెండరు ఎలా ఉంది?” అని అడిగాడు. నమస్కారం లేదు, మీరెవరు అన్న ప్రశ్న లేదు.

ఆ ఫెండరు సంగతి మాకు అప్పటికే తెలుసు. మా అబ్బాయి అయస్కాంతం పెట్టి చూస్తే కారంతటా అతుక్కొంది గాని అక్కడ జారి పడింది. రంగు క్రింద బొటనవ్రేలంత మందాన పుట్టీ. ఎవరో తొందరలో, చేతకాని చేతులతో మెత్తిన పని అని వాడు నవ్వాడు కూడా.

2023 జూలైలో ఆయన వచ్చారు. డెబ్బై అయిదేళ్ల మనిషి, చేతికర్ర ఉన్నా దాని మీద ఆనుకోరు. కారు చుట్టూ ఒకసారి నడిచి, నేరుగా కుడివైపుకు వచ్చి నిలబడ్డారు. మేము టీ ఇచ్చాము. చాలాసేపటికి చెప్పారు. 1971 అక్టోబరులో ఒక రాత్రి. పచ్చదీపం పడింది. ప్రక్క సీటులో పదిహేడేళ్ల తమ్ముడు. గెలిచారట. గెలిచిన తరువాతనే, వేగం తగ్గించబోతుండగా, బండి జారి స్తంభానికి తగిలింది. తమ్ముడి కాలు విరిగి మళ్లీ సరిగా అతకలేదు. 2009లో చనిపోయేవరకు కుంటుతూనే నడిచాడు. ఈయన ఆ వారంలోనే తన చేతులతో రేకు కొట్టి, పుట్టీ మెత్తి, రంగు వేశాడు. తండ్రి చూడకూడదని. “ఆయన చూశారు. ఏమీ అనలేదు. అదే నాకు కష్టమైంది” అన్నారు. 1973లో కారును అమ్మేశారు. తమ్ముడు మాత్రం ఆ పందెం గెలిచామని అందరికీ చెప్పుకొనేవాడట.

మా వాడు నేల చూస్తూ నిలబడ్డాడు. ఆ పుట్టీ చూసి నవ్వినందుకు కావచ్చు. కొంతసేపటికి అడిగాడు, “సర్, దీనిని ఇలాగే ఉంచమంటారా? బ్లాక్ గోస్ట్‌ను కూడా అలాగే ఉంచారు. ఇది మీ చేతి పని.”

ఉంచమంటారనే మేమనుకొన్నాము. పాత వస్తువుల మీద మనసు ఉన్నవాళ్లు అలాగే అంటారు గదా.

ఆయన తల అడ్డంగా ఊపారు. “తీసెయ్యి బాబూ. నేను చూసింది చాలు. సరియైన రేకు వెయ్యి.”

ఆ శీతాకాలమంతా వాడు ఆ పని మీదే ఉన్నాడు. ఎండ ఎక్కువగా ఉండే ఆరిజోనా రాష్ట్రంలో పాత కార్లు తుప్పు పట్టవని అక్కడినుండి అదే సంవత్సరపు ఫెండరు తెప్పించాడు. దానిని బిగించబోతే లోపలి రేకు కూడా ఆనాడే వంగి ఉన్నట్లు బయటపడింది. బోల్టు రంధ్రాలు అరంగుళం తప్పాయి. దానిని సరిచేయడానికి మార్చి వచ్చింది. తీసిన పాత ఫెండరును పారేయలేదు, గోడకు తగిలించనూ లేదు. దుప్పటి చుట్టి పైన అటకమీద పెట్టాడు, ఎందుకని మేమడగలేదు.

వుడ్‌వర్డ్ మీద ఏటా ఆగస్టు మూడవ శనివారం పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. 1995లో ఫెర్న్‌డేల్ పట్టణంలో పిల్లల ఫుట్‌బాల్ మైదానం కోసం డబ్బు పోగుచేయడానికి మొదలుపెట్టినది ఇంత పెద్దదయింది. 2024లో మా వాడి ఆకుపచ్చ కారు కూడా అందులో కదిలింది. ప్రక్క సీటులో పెద్దాయన. మేము రోడ్డు ప్రక్కన మడత కుర్చీలు వేసుకొని ఎండలో మూడు గంటలు కూర్చున్నాము. ఆ రద్దీలో గంటకు పది మైళ్లకు మించి ఎవరూ పోలేరు. మా ముందుకు వచ్చినప్పుడు మా వాడు హారను కొట్టాడు. రోడ్ రన్నరు హారను కార్టూను పక్షి కూతలా ఉంటుంది, ఆ పక్షి పేరు వాడుకొన్నందుకు కంపెనీ యాభైవేల డాలర్లు కట్టిందట. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. ఎర్రదీపం పడి కారు ఆగింది. ప్రక్కన మరొక కారులో కుర్రవాడు ఇంజను గట్టిగా రొద చేసి మా వాడి వంక చూశాడు. మేము కుర్చీలలోనుండి లేచి నిలబడ్డాము.

దీపం పచ్చగా మారింది. ఆ కుర్రవాడు ముందుకు దూకాడు. మా వాడు కదలలేదు. పెద్దాయన ఏదో అన్నారు, ఇద్దరూ నవ్వారు, వెనుక బండ్లవాళ్లు హారన్లు కొట్టాక మెల్లగా బయలుదేరారు.