ఏమన్నా అయితే

బీమా ఏజెంటు మీద మనకున్నన్ని జోకులు ఇంకో వృత్తి మీద ఉన్నట్టు లేవు. పెళ్లిలో కనబడితే భోజనాల వరుస మార్చుకోవాలి. రైల్లో పక్క సీటు వస్తే నిద్ర నటించాలి. గేటు చప్పుడైతే పిల్లాడి చేత "నాన్న ఇంట్లో లేడని చెప్పమన్నాడు" అనిపించాలి. ఈ జోకుల్లో ఏజెంటు ఎప్పుడూ మగవాడే, టక్ చేసుకున్నవాడు, సిగ్గు లేనివాడు. నాకు తెలిసిన ఏజెంటు భుజానికి రెక్సిన్ బ్యాగు తగిలించుకునేది. అందులో రేట్‌బుక్కు, ఖాళీ ప్రపోజల్ ఫారాలు, వేలిముద్రల కోసం ఇంకు ప్యాడు, సగం తాగిన నీళ్ల సీసా, ఏదో ఒకింట్లో బొట్టు పెట్టి ఇచ్చిన జాకెట్ ముక్క ఉండేవి. మా అమ్మ. 1997 నుంచి ఎల్‌ఐసీ ఏజెంటు.

2009లో నా బీటెక్ అయిపోయింది. క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది, ఆఫర్ లెటర్ వచ్చింది, జాయినింగ్ డేట్ మాత్రం రాలేదు. అంతకు ముందు ఏడాది సెప్టెంబర్‌లో లీమన్ బ్రదర్స్ మునిగింది కదా, ఆ దెబ్బకు మా బ్యాచ్‌లో సగం మంది నాలాగే ఈమెయిల్ రిఫ్రెష్ చేసుకుంటూ ఇంట్లో కూర్చున్నారు. ఖాళీగా ఉన్నవాడికి ఇంట్లో పని దొరకడం ఎంతసేపు. "బండి తియ్ రా" అంది అమ్మ. లైసెన్సు ఆమెది, స్కూటీ నాది. తొమ్మిది నెలలు నాచారం, ఉప్పల్ గల్లీలన్నీ తిరిగాం. ఇంజనీరింగ్ నాలుగేళ్లలో నేర్చుకున్నదానికంటే ఆ తొమ్మిది నెలల్లో ఎక్కువ నేర్చుకున్నానని అననుగానీ, ఆ తర్వాత ఏ నవల చదివినా గుమ్మం దగ్గర జరిగే సంభాషణలు ఇంకోలా చదవడం మొదలుపెట్టాను.

ఇటువైపు తెలియనివాళ్ల కోసం కాస్త భూగోళం. తార్నాక దాటి హబ్సిగూడ వైపు వస్తే ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ. అక్కడినుంచి తిన్నగా పోతే ఉప్పల్ రింగ్ రోడ్డు. ఎడమకు తిరిగితే నాచారం. అక్కడ ఇండస్ట్రియల్ ఏరియా, ఈఎస్ఐ ఆసుపత్రి, ఎన్టీఆర్ కట్టిన రామకృష్ణా స్టూడియో, హెచ్ఎంటీ నగర్, స్నేహపురి. కిలోమీటరు దూరంలో రెండు లోకాలు. సైంటిస్టుల క్వార్టర్లకు మేం వెళ్లేవాళ్లం కాదు. వాళ్లకు, లాలాగూడ రైల్వే వర్క్‌షాపువాళ్లకు శాలరీ సేవింగ్స్ స్కీమ్ అని ఒకటుంది. ప్రీమియం జీతంలోనే కట్ అయిపోతుంది, మర్చిపోదామన్నా కుదరదు. అసలే పర్మనెంటు ఉద్యోగం, పెన్షను, పైన ఆటోమేటిగ్గా బీమా. తలుపు కొట్టి అడగాల్సింది వాళ్లను కాదు, నాచారం ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లను, చిలకానగర్‌లో కిరాణా కొట్టువాళ్లను, బీరప్పగడ్డ ఆటో డ్రైవర్లను. రేపేమవుతుందో తెలియనివాడి దగ్గరికే నెలనెలా గుర్తుపెట్టుకుని కట్టే పాలసీ వెళ్తుంది. ఈ తిరకాసు నాకు అప్పుడు తట్టలేదు.

తలుపు కొట్టడానికి అమ్మకు ఒక టైమ్‌టేబుల్ ఉండేది. నల్లా వచ్చే రోజు ఏ ఇంటికీ పోవద్దు. పొద్దున పదకొండు తర్వాత, పిల్లలు బడినుంచి వచ్చేలోపు ఆడవాళ్లతో మాట్లాడాలి. మగవాళ్ల సంతకానికి ఆదివారం పొద్దున, మటన్ తెచ్చాక, తినకముందు. జీతాలు పడే మొదటి వారం పాత కిస్తులు, ఆఖరి వారం కొత్త పరిచయాలు. మార్చి వస్తే పన్ను మినహాయింపు కోసం వాళ్లే ఫోన్ చేస్తారు, ఆ నెల ఇంట్లో వంట నాన్నదే. ఏడాదికి కనీసం 12 మందికి పాలసీలు చేయకపోతే ఏజెన్సీ ఉండదు. చుట్టాలు మూడేళ్లలో అయిపోతారు. ఆ తర్వాత మిగిలేది గల్లీలే.

గుమ్మంలో మాట ఎప్పుడూ బీమాతో మొదలయ్యేది కాదు. "వదినె, నీళ్లు వట్టుడు అయిందా?" అని మొదలై, కూతురి ఇంటర్ మార్కుల మీదుగా, మోకాళ్ల నొప్పుల మీదుగా వచ్చి, ఎక్కడో ఒకచోట ఆగేది. అక్కడ అమ్మ గొంతు తగ్గించేది. "రేపు అన్నకు ఏమన్న అయితే..."

ఈ 'ఏమన్నా అయితే' గురించి నేను చాలా ఆలోచించాను. అందులో చావు అన్న మాట లేదు. ఏమవుతుందో లేదు, ఎప్పుడో లేదు. వాక్యం పూర్తి కూడా కాదు. కోట్ల రూపాయల వ్యాపారం ఆ మూడు చుక్కల మీద నడుస్తోంది. 'బీమా' అన్న మాటే పర్షియన్ 'బీమ్' నుంచి వచ్చింది, భయమని అర్థం. ఇంగ్లీషువాడు అదే పనికి ఖాయం చేయడం అనే అర్థమున్న మాట పెట్టుకున్నాడు, మనం భయాన్ని భయమనే పిలిచి, దాన్ని మాత్రం నోటితో అనకుండా అమ్ముతున్నాం. కొందరు ఆ సగం వాక్యాన్ని కూడా ఒప్పుకునేవాళ్లు కాదు. స్వరూప్‌నగర్‌లో ఒకావిడ "గసొంటి మాటలు మా ఇంట్ల మాట్లాడకక్కా" అని చేయి అడ్డం పెట్టింది. అమ్మ నవ్వి "నేను మాట్లాడకుంటే అది రాదా వదినె?" అంది. ఆవిడ పాలసీ తీసుకోలేదు. టీ ఇచ్చింది.

ఎల్‌ఐసీ గుర్తు కింద ఉండే సంస్కృత వాక్యం గీత తొమ్మిదో అధ్యాయం, 22వ శ్లోకంలోది. మీ యోగక్షేమాలు నేను మోస్తానని కృష్ణుడు చెప్పే మాట. లేనిది సంపాదించుకోవడం యోగం, ఉన్నది కాపాడుకోవడం క్షేమం అని శంకరాచార్యులు విడదీసి చెప్పారు. మా స్కూటీ యాత్రలో నాకు అర్థమైంది ఏంటంటే, బీమా పుట్టింది క్షేమం కోసం, గుమ్మంలో జనం అడిగేది యోగం. "పైసలు మల్లొస్తయా?" ఇది మొదటి ప్రశ్న, చాలాసార్లు ఆఖరి ప్రశ్న కూడా. పోతేనే డబ్బులొచ్చే టర్మ్ పాలసీని అమ్మ వివరిస్తే, బతికుంటే అంతా దండగేనా అని ఎదుటివాళ్ల ముఖం మాడిపోయేది. బతకడాన్ని నష్టంగా లెక్కేసే చోటు ఇదొక్కటేనేమో. అందుకే అందరూ మనీ బ్యాక్, ఎండోమెంట్. అప్పట్లో ముప్పై ఏళ్లవాడికి లక్ష రూపాయల ఎండోమెంట్, ఇరవై ఏళ్లకు, ఏడాదికి సుమారు 5 వేలు. అందులో మొదటి ఏడు ఏజెంటుకు 25 శాతం, రెండు మూడేళ్లు ఏడున్నర, తర్వాత అయిదు. తెలివైన కస్టమర్లు ఆ 25 శాతం సంగతి తెలుసుకుని "ఫస్ట్ కిస్తు నువ్వే కట్టక్కా" అనేవాళ్లు. అది చట్టవిరుద్ధం. 1938 బీమా చట్టంలో 41వ సెక్షన్. అప్పటికి జరిమానా ఎంతయ్యా అంటే, అయిదువందల రూపాయల దాకా! 2015లో దాన్ని పది లక్షల దాకా పెంచారు.

ఫారాలు నింపడం నా పని. నాన్న బతికున్నాడా, పోతే ఎన్నో ఏట, దేనితో? అన్నదమ్ములు ఎంతమంది? ఒక్కో కుటుంబ చరిత్ర అరపేజీ గళ్లలో వచ్చేసేది. ఆడవాళ్ల ఫారంలో ఇంకొన్ని ప్రశ్నలుండేవి: గర్భవతా, ఆఖరి కాన్పు ఎప్పుడు, అబార్షన్లు అయ్యాయా. ఆ గడి రాగానే అమ్మ "బయట బండి లాక్ వేసినవా చూసిరాపో" అనేది. బండికి ఎప్పుడూ లాక్ వేసే ఉండేది.

ఆడవాళ్లకు కేటగిరీలు కూడా ఉండేవి. సొంత సంపాదన ఉంటే ఒకటి, ఆస్తి మీద ఆదాయం ఉంటే రెండు, ఇంటి పని చేసుకునేవాళ్లు మూడు. మూడో రకానికి బీమా కావాలంటే ముందు భర్తకు ఉండాలి, ఆయనకున్నంత మించకూడదు. ఇంటావిడ పోతే ఆ ఇంటికి నష్టమెంత అన్న ప్రశ్నకు ఒక సంస్థ రాసుకున్న జవాబు అది. గుమ్మంలో కూర్చుని కుట్టుమిషను తొక్కుతూ మాతో మాట్లాడినావిడని "మీకేం ఆదాయం లేదు కదమ్మా" అని అడగాల్సి వచ్చేది. "ఇదేందనుకున్నవ్ మరి?" అని మిషను చూపించింది ఒకామె. మిషను పెడల్ దగ్గర కుట్టాల్సిన జాకెట్లు ఓ ఇరవై ఉన్నాయి. ఆమెను ఒకటో కేటగిరీలో రాయించడానికి అమ్మ బ్రాంచికి రెండుసార్లు తిరిగింది.

అదే చట్టాల లోకంలో ఒక మంచి సంగతీ ఉంది. 1874 నాటి మ్యారీడ్ విమెన్స్ ప్రాపర్టీ యాక్టు, ఆరో సెక్షన్. ఆ చట్టం కింద భర్త పాలసీ తీసుకుంటే ఆ డబ్బు భార్యాపిల్లలది. అప్పులవాళ్లు ముట్టుకోవడానికి లేదు. చిట్టీలు, ఫైనాన్సు వడ్డీలు ఉన్న గల్లీల్లో అమ్మ ఈ సెక్షన్ నంబరుతో సహా చెప్పేది. అయితే మగవాళ్లకు ఇది నచ్చేది కాదు. "అంటే నా పైసలు నాయి కావా?"

ఆ డిసెంబర్ 9 రాత్రి ఢిల్లీ నుంచి తెలంగాణ ప్రకటన వచ్చింది. దానికి ముందూ వెనకా నెలల తరబడి బంద్‌లు, రాస్తారోకోలు. ఉస్మానియా పక్కనే కాబట్టి తార్నాక రోడ్డు ఎప్పుడు మూసేస్తారో తెలియదు. విచిత్రంగా బంద్ రోజులే అమ్మకు మంచి బిజినెస్. మగవాళ్లు ఇళ్లలో దొరికేవాళ్లు. అదే కాలంలో ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర టైలు కట్టుకున్న నా ఈడు కుర్రాళ్లు ప్రైవేటు కంపెనీల యూలిప్‌లు అమ్ముతూ కనబడేవాళ్లు. నా క్లాస్‌మేట్ ఒకడు కూడా. "మూడేళ్లు కడితే చాలు, డబ్బులు డబుల్" అనేది వాళ్ల పాట. ఏప్రిల్ 2010లో సెబీ పద్నాలుగు కంపెనీల మీద ఆర్డరు వేసింది, ఐఆర్‌డీఏ కాదంది, రెండు నియంత్రణ సంస్థలు కొట్టుకుంటే కేంద్రం జూన్‌లో ఆర్డినెన్సు తెచ్చింది, సెప్టెంబర్‌లో లాక్-ఇన్ అయిదేళ్లకు పెరిగింది. మా క్లాస్‌మేట్ అప్పటికే ఇంకో ఉద్యోగంలో ఉన్నాడు. వాడు అమ్మినవాళ్లకు వాడి ఫోన్ నంబర్ కూడా మారిపోయి ఉంటుంది. అమ్మ నంబర్ 2003 నుంచీ ఒకటే.

ఆ ఎండాకాలంలోనే జరిగింది చెప్పాలి. నాచారంలో ఒక చిన్న యూనిట్‌లో పనిచేసే ఆయన, మూడు నెలలకోసారి కిస్తు, పదమూడు వందల చిల్లర. యూనిట్ మూతపడింది. పదకొండు కిస్తులు కట్టారు, అందులో రెండు అమ్మే తన చేతినుంచి వేసింది, తర్వాత తీర్చారు. పన్నెండోది వచ్చేసరికి ఆయన "ఆగు అక్కా, పని దొరకనియ్" అన్నాడు. ముప్పై రోజుల గ్రేస్ దాటింది. పాలసీ ల్యాప్స్. ఇంకో నెలకు ఆయన గుండెపోటుతో పోయాడు. మూడేళ్ల ప్రీమియం నిండితే ఎంతో కొంత వచ్చే రూలు అప్పటి చట్టంలో ఉంది. పదకొండు కిస్తులంటే రెండేళ్ల తొమ్మిది నెలలు. ఆ రూలు కింద ఏమీ రాదు. దశదినకర్మకు వెళ్లాం. ఆయన భార్య బీమా గురించి అడగలేదు. అడిగితే బాగుండేదని అమ్మ దారిలో అంది. ఇంటికొచ్చి నోట్‌బుక్ తీసి, ఆ పేజీ చింపకుండా, కొట్టేయకుండా, అలాగే మూసి పెట్టింది. నేను చేసిన మొదటి ఉపయోగకరమైన సాఫ్ట్‌వేర్, ఆ వారం ఎక్సెల్‌లో ఆమె కోసం కట్టిన డ్యూ డేట్ల షీటు. గ్రేస్ పది రోజుల్లో అయిపోతుందనగా గడి ఎర్రగా మారేది. ఆ తర్వాత ఎర్రబడ్డ గడుల్లో ఎన్నిటికి అమ్మ సొంత డబ్బులు పడ్డాయో షీటులో లేదు.

మిల్లర్ 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్'లో విల్లీ లోమన్ బ్యాగుల్లో ఏముందో చివరిదాకా చెప్పడు. దాని మీద పండితులు బోలెడు రాశారు. విల్లీ ఆఖరికి కొడుకు కోసం తన ఇరవై వేల డాలర్ల బీమానే వాడదామనుకుంటాడు. ఆ నాటకం చదివినప్పుడు నాకు విల్లీ కంటే అతనికి ఆ పాలసీ అమ్మిన ఏజెంటు గుర్తొచ్చాడు. స్టేజి మీదికి రాని మనిషి. ఏ నెలలో కిస్తు ఆగబోతోందో అతనికి తెలిసే ఉంటుంది.

ఆఫీసులో ఇప్పుడు నా టీమ్‌లో పిల్లలు అడిగితే నేనూ అందరూ చెప్పేదే చెప్తాను: టర్మ్ తీసుకోండి, మిగతాది ఫండ్‌లో వేయండి. ఎండోమెంట్ మీద వచ్చేది అయిదారు శాతం, లెక్క లెక్కే. మా అమ్మ ముందు కూడా ఇదే అంటాను, ఆమె కాదనదు. అయితే ఆ లెక్క, ప్రతి నెలా తనంతట తాను ఫండ్‌లో వేసే మనిషిని ఊహించుకుని వేసింది. చిలకానగర్‌లో ఎవరూ రాకపోతే ఆ డబ్బు ఫండ్‌లోకి వెళ్లేది కాదు, చిట్టీలోకో, పెళ్లిలోకో, మందులోకో వెళ్లేది. గేటు దగ్గర నిలబడి అడిగే మనిషి ఖరీదు ఆ అయిదు శాతం కమిషన్. ఎక్కువా తక్కువా అంటే, ఇచ్చినవాళ్లను బట్టి ఉంటుంది. రోజూ బ్యాంకు యాప్ చూసుకునేవాడికి ఎక్కువే.

ఉప్పల్‌కు మెట్రో వచ్చింది, భగాయత్‌లో లేఅవుట్లు వచ్చాయి, అపార్ట్‌మెంట్లలో గేటు దగ్గరే పేరు చెప్పి ఫోన్ చేయించుకోవాలి. తెలియని మనిషి తలుపు దాకా వెళ్లే రోజులు పోయాయి. అమ్మ కొత్త పాలసీలు దాదాపు మానేసింది. పాతవాళ్లకు క్లెయిము ఫారాలు నింపుతుంది, బ్యాంకుకు తోడు వెళ్తుంది. రెన్యువల్ కమిషన్ నెలనెలా పడుతూనే ఉంది. ఏజెంటు పోయినా అది వారసులకు వస్తుంది, హెరిడిటరీ కమిషన్ అంటారు. ఈమధ్య దానికి నామినీ మార్చాలని ఫారం తెచ్చుకుంది. నింపిపెట్టమంటుందేమో అనుకున్నాను. తనే నింపింది. నామినీ గడిలో అక్క పేరు రాసి, "నీకు జీతముంది కదరా" అంది.