పాటలు పోతే పోయాయి, వరస?

పాట మధ్యలో ఆగిపోతే ఎవరైనా ముందు ఆ పాటనే అనుమానిస్తారు. హార్డ్ డిస్క్ ఉండే పాత మ్యూజిక్ ప్లేయర్ల దగ్గర మాత్రం ఇంకో ప్రశ్న అడగాలి. రోజూ అదే పాట దగ్గర ఆగుతోందా, రోజుకో పాట దగ్గర ఆగుతోందా? అదే పాట దగ్గరైతే డిస్క్ మీద ఆ చోటు పాడైందని అర్థం. రోజుకో చోటైతే రోగం డిస్క్‌లోనే ఉండాలని లేదు. బ్యాటరీ కావచ్చు, లోపలి కేబుల్ కావచ్చు.

ఫోన్లో నెట్ నుంచి పాటలు వినేవాళ్లకి ఇదంతా పురావస్తు శాఖ వ్యవహారంలా అనిపించొచ్చు. 2001 అక్టోబర్‌లో ఆపిల్ బయటపెట్టిన మొదటి ఐపాడ్‌లో ఉన్నది తోషిబా తయారుచేసిన 1.8 అంగుళాల హార్డ్ డిస్క్, 5 జీబీ. జేబులో నడుస్తూ, గెంతుతూ వినే వస్తువులో గిర్రున తిరిగే పళ్లెం! దాని మీద వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో తేలుతూ చదివే హెడ్. తలుచుకుంటే అదెలా పనిచేసిందా అని ఇప్పటికీ ఆశ్చర్యమే.

కిటుకేంటంటే, డిస్క్ ఎప్పుడూ తిరగదు. ఒకసారి లేచి, రాబోయే పాటల్ని గబగబా చదివి మెమరీలో పోసి, మళ్లీ పడుకుంటుంది. ఆ మొదటి ఐపాడ్‌లో ఆ మెమరీ 32 ఎంబీ. బ్యాటరీ మిగులుతుంది, కుదుపులకి పాట తెగదు. అందుకే జబ్బు పడిన ప్లేయర్ కూడా మొదటి రెండు మూడు పాటలు బుద్ధిగా పాడుతుంది. డిస్క్ రెండోసారి నిద్ర లేవాల్సి వచ్చినప్పుడు దాని అసలు సంగతి బయటపడుతుంది.

మా మావయ్య దీన్ని నాకంటే బాగా చెప్పాడు. రాజమండ్రి నుంచి ఫోన్ చేసి, "ఒరేయ్, దీనికి ఆయాసం వస్తోందిరా" అన్నాడు.

ఆయన దగ్గరున్నది ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. 60 జీబీది. డల్లాస్‌లో ఉన్న ఆయన కొడుకు ఒకసారి వస్తూ తెచ్చిచ్చాడు. అంతకుముందు పాతికేళ్లు మావయ్యకి కేసెట్ రికార్డింగ్ షాపుండేది. జనం కావలసిన పాటల చీటీ రాసిచ్చి, ఖాళీ కేసెట్ డబ్బులు కట్టి వెళ్లేవాళ్లు. చీటీలో ఉన్న పాటలన్నీ ఎక్కించేవాడు గానీ, చీటీలో ఉన్న వరసలో ఎక్కించేవాడు కాదు. సిక్స్‌టీ కేసెట్‌కి సైడుకి ముప్ఫై నిమిషాలు. చివరి పాట సగంలో తెగితే ఆయనకి తలకొట్టేసినట్టుండేది. రెండున్నర నిమిషాలు మిగిలితే సరిగ్గా రెండున్నర నిమిషాల పాట వెతికి, డబ్బులు తీసుకోకుండా ఎక్కించేవాడు. చీటీలో లేని ఆ పాట కోసమే మళ్లీ వచ్చినవాళ్లున్నారని చెబుతాడు.

ఆ వరసలన్నీ నోటు పుస్తకాల్లో రాసుకున్నాడు. చెదలు పట్టకముందు వాటిని చూసి ప్లేయర్‌లో ప్లేలిస్టులుగా చేయించుకున్నాడు. మొత్తం 143. 'కోర్టు గుమాస్తాగారు, సైడ్ ఎ', 'పెళ్లివారి బస్సు', 'టీచరమ్మ, వర్షాకాలం'. తర్వాత ఆ పుస్తకాల్ని అటక మీద చెదలు తినేశాయి.

అందుకే ప్లేయర్ నా చేతికిస్తూ ఒకటే మాటన్నాడు. "పాటలు పోతే పోయాయిరా. వరస పోకూడదు."

హైదరాబాద్‌లో ఒక రిపేర్ షాపులో చూపిస్తే కౌంటర్ దగ్గరి కుర్రాడు ఒక్క నిమిషంలో తేల్చేశాడు. "ఫార్మాట్ కొడితే సెట్ అయిపోద్దన్నా." నిజంగానే కొన్నిసార్లు అవుతుంది. కానీ ఇలాంటి కొన్ని ప్లేయర్లు పాటల్ని వాటి పేర్లతో దాచవు. ఏవో నాలుగక్షరాల పేర్లు పెట్టి ఫోల్డర్లలో చల్లేస్తాయి. పాట పేరు ఫైలు లోపల కూడా ఉంటుంది కాబట్టి దాన్ని తర్వాతైనా పట్టుకోవచ్చు. ఏ పాట తర్వాత ఏ పాట అన్నది మాత్రం ఒక చిన్న డేటాబేస్ ఫైల్లోనే ఉంటుంది. నాలుగైదు ఎంబీలు ఉంటుందేమో. ఫార్మాట్ కొడితే ముందు పోయేది అదే. ప్లేయర్ తీసుకుని బయటికొచ్చేశాను.

ఇంట్లో మొదట బ్యాటరీ సంగతి చూశాను. చార్జింగ్ తక్కువుంటే డిస్క్ లేవడానికి శక్తి చాలక అచ్చం చచ్చిపోతున్న డిస్క్‌లాగే టిక్కుటిక్కుమంటుంది. పూర్తిగా చార్జ్ చేశాక టిక్కులు తగ్గాయి గానీ ఆగలేదు. తర్వాత కేబుల్. ప్లాస్టిక్ పలకతో అంచు వెంట మెల్లగా విప్పి, కాగితంలా పల్చగా ఉండే రిబ్బన్ కేబుల్ని తీసి మళ్లీ కూర్చోబెట్టాను. ఇనప స్క్రూడ్రైవర్ వాడలేదు. లిథియం బ్యాటరీకి గుచ్చుకుంటే పాటల సంగతి తర్వాత, మంటలు ఆర్పుకోవాలి. రోజుకో చోట ఆగడం దీంతో పోయింది. 'టీచరమ్మ, వర్షాకాలం'లో మూడో పాట దగ్గర ఆగడం మాత్రం పోలేదు. అంటే రోగాలు రెండు.

ప్లేయర్‌లో దాచిపెట్టిన డయాగ్నస్టిక్ మెనూ ఒకటుంది. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు అందులో కనిపిస్తాయి. చదవలేక పక్కన పెట్టి, ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోని సెక్టార్లని పెండింగ్ అంటారు. ఇక్కడ అవి 212. గంట తర్వాత చూస్తే 220. అంకె ఎంతన్నదాని కంటే అది పెరుగుతోందన్నది ముఖ్యం.

సలహాలకి కొదవలేదు. ఫ్రిజ్‌లో పెట్టు అన్నాడొకడు. లోపల తేమ పడితే హెడ్ గతేంటి? టేబుల్ మీద ఒక్కటి కొట్టు అన్నాడింకొకడు. హెడ్ పళ్లేనికి అతుక్కుపోయినప్పుడు ఒక్కోసారి అది పనిచేస్తుందట. ఇక్కడ జబ్బు అది కాదు. ఇలాంటి డిస్క్‌కి ఇంకెన్ని చదువులు మిగిలాయో ఎవరికీ తెలియదు. అందుకని బాగుచెయ్యడం తర్వాత, కాపీ ముందు. ఆ కాపీలోనూ ఏది ముందన్నదే అసలు ప్రశ్న.

లాప్‌టాప్‌కి తగిలించి, రాయడానికి వీల్లేకుండా చదవడానికి మాత్రమే తెరిచి, మొదట ఆ డేటాబేస్ ఫైల్ ఒక్కటి లాగాను. పది సెకన్లు పట్టలేదు. 143 వరసలూ, ఏ పాట ఎన్నిసార్లు విన్నాడన్న లెక్కతో సహా బయటికొచ్చాయి. ఆ తర్వాతే మిగతాది. జీఎన్‌యూ డీడీరెస్క్యూ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది. మామూలు కాపీలా చెడ్డ చోటు దగ్గర మొండిగా కూర్చోదు. దాన్ని దాటేసి మంచిదంతా ముందు తీసుకుంటుంది, చెడ్డవాటి దగ్గరికి చివర్లో వెనక్కొస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో రాసి పెట్టుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపినా మళ్లీ మొదటికి రానక్కర్లేదు. దాదాపు మొత్తం గంటన్నరలో వచ్చేసింది. మిగిలిన పిసరంత కోసం రాత్రంతా పట్టింది. తెల్లారేసరికి తొమ్మిది పాటలు రాలేదు.

డిస్క్ స్థానంలో అడాప్టర్ పెట్టి మెమరీ కార్డు బిగించాను. ఇప్పుడు దాంట్లో తిరిగేదంటూ ఏదీ లేదు. పాటల్నీ డేటాబేస్‌నీ ఎక్కించి, కాపీలు రెండు చోట్ల దాచి, రాజమండ్రి వెళ్లాను.

ఆ తొమ్మిదీ నెట్‌లో దొరుకుతాయి మావయ్యా, అవే పెట్టేస్తాను అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నెట్‌లో దొరికేవి వేరే రికార్డింగులట, ముందు సంగీతం ఒకదాంట్లో ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ. "సైడు లెక్క తప్పుతుందిరా" అన్నాడు. ఆ కేసెట్లు లేవు, ఆ సైడ్లూ లేవు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది గానీ పైకి అనలేదు.

కళ్లజోడు పెట్టుకుని, పెన్ను తీసుకుని కాగితం ముందేసుకున్నాడు.

"టీచరమ్మది. మూడోది పోయిందన్నావు. ఎంత ఖాళీ?"

డేటాబేస్‌లో చూసి చెప్పాను. మూడు నిమిషాల నలభై సెకన్లు.

కళ్లు మూసుకున్నాడు. వేళ్లతో మోకాలి మీద తాళం వేసుకుంటూ రెండో పాట చివర్నీ, నాలుగో పాట మొదలునీ లోలోపల కలిపి చూసుకుంటున్నాడు. చాలాసేపు పట్టింది. తర్వాత ఒక పాట పేరు రాశాడు. ఆ చీటీలో ఎప్పుడూ లేని పాట.

"ఆవిడ ఉంటే ఒప్పుకునేదే" అని, రెండో ఖాళీ ఎంతో చెప్పమన్నాడు.