ఖాళీ ఉన్న చోట

పల్నాడు భోజనానికి మొదటి చెడ్డ రివ్యూ రాసింది శ్రీనాథుడని మా స్నేహితుల మధ్య ఓ జోకు. ఆయన పేరు మీద చెలామణీ అవుతున్న చాటువుల్లో ఈ సీమ గురించి ఉన్నవి చాలావరకు ఫిర్యాదులే. రాళ్లు, తేళ్లు, నీళ్లకి కటకట, ఎటు చూసినా జొన్నకూడు. రాజుల పంక్తిలో సన్నన్నం తిన్న మనిషి, ఒక్క స్టారు కూడా ఇవ్వలేదు. ఆయన్ని నరసరావుపేట మల్లమ్మ సెంటర్లో ఆటో దింపి, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి మా మెస్సుకి నడిపించుకెళితే ఏమంటాడో చూడాలని ఉంటుంది.

ముందు దారి దొరకాలి. బోర్డు లేదు. ఫ్లెక్సీ చిరిగిపోయాక మళ్లీ కట్టలేదు. మందుల షాపుకీ జెరాక్స్ షాపుకీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడిస్తే పట్టేంత సందు. నాలుగడుగులు వేశాక ఇంగువ తాలింపు వాసన వస్తే సరైన సందు, రాకపోతే పక్కది. లోపల ఒకప్పటి పెంకుటిల్లు. నడిమింట్లో ఎనిమిది బల్లలు, వాటి చుట్టూ ఊరంతా. కోర్టు గుమస్తాలు, బ్యాగు ఒళ్లో పెట్టుకుని తినే మెడికల్ రెప్పులు, కోచింగు పిల్లలు, లారీ డ్రైవర్లు, ఎక్స్‌రే కవరు గోడకి ఆనించి కూర్చున్న పేషెంట్ల బంధువులు. పేటలో ఆసుపత్రులెక్కువ, కాబట్టి వాళ్లూ ఎక్కువే. అందరూ ఒకేసారి మాట్లాడతారు. ఆ గోలని చీల్చుకుంటూ “పప్పు పప్పు పప్పు” అని ఒక బకెట్టు వస్తుంది.

ఆకు మీద నీళ్లు చిలకరించుకునేలోపే కందిపొడి పడుతుంది, దాని మీద నెయ్యి. తర్వాత ముద్దపప్పు, గోంగూర. ఈ గోంగూర గురించి కాస్త చెప్పాలి. హైదరాబాదులో ‘ఆంధ్రా మీల్స్’ పేరుతో పెట్టే తియ్యటి గోంగూర కాదిది. ఎండుమిరపకాయలు ఎర్రగా వేయించి, రోట్లో కచ్చాపచ్చాగా నూరి, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు. మొదటి ముద్దకి చెవులు వేడెక్కుతాయి. నంజుకోవడానికి చల్లమిరపకాయ ఇస్తారు. కారానికి కారం మందు అని వీళ్ల నమ్మకం. సాంబారు సంగతి వదిలేద్దాం. అన్నం మాత్రం మారు వడ్డనకి అడగక్కర్లేదు, వద్దని ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టేదాకా వేస్తూనే ఉంటారు.

ఆ తెల్లన్నం ఇక్కడికి నిన్నమొన్న వచ్చింది. నాగార్జునసాగర్‌కి 1955లో శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకి నీళ్లు వదిలారు. కుడి కాలువ పారాకే ఈ మెట్ట ప్రాంతంలో వరి స్థిరపడింది. అంతకుముందు ఇళ్లలో జొన్నా, సజ్జా. వరన్నం పండగ పూట మాట. మా మెస్సులో బకెట్లతో పోసే అన్నం వయసు గట్టిగా అరవై ఏళ్లు. శ్రీనాథుడు అబద్ధమాడలేదు, ఐదారు వందల ఏళ్లు ముందొచ్చాడంతే.

అయితే ఈ సీమకి తన తిండి గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఇంకో కథ ఉంది. బ్రహ్మనాయుడి చాపకూడు. మాచర్ల మంత్రి అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడనీ, మాలదాసరి కన్నమదాసుని కొడుకుగా చేసుకుని సేనాపతిని చేశాడనీ కథ. ఇప్పటికీ కారెంపూడిలో కార్తీక అమావాస్యకి మొదలయ్యే వీరుల ఉత్సవాల్లో మందపోరు రోజున చాపకూడు జరుగుతుంది. మేం స్కూల్లో ఈ కథ చెప్పుకుని ఛాతీలు విరుచుకున్నవాళ్లమే.

మొన్న ఎండాకాలం నా ఎదురు కుర్చీ ఖాళీగా ఉంటే ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. తలపాగా, చేతిలో మందుల కవరు. గురజాల దగ్గర పల్లెటూరట.

“ఈడ కూకోవచ్చా అబ్బాయా?”

నేను నోరు తెరిచేలోపే సర్వరు ఆకు పరిచేసి, “ఖాళీ ఉన్న చోట కూర్చో పెద్దాయనా, అడిగేదేంది, జనం చూడు!” అని కసురుకుని వెళ్లిపోయాడు.

ఆయన నవ్వాడు. సగం తిన్నాక తనే చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు వాళ్ల ఊరి టీ కొట్టు దగ్గర వీళ్లకి గ్లాసులు వేరేగా చూరులో ఉండేవట. తాగి, కడిగి, మళ్లీ అక్కడే పెట్టాలి. నేను చాపకూడు మాట ఎత్తాను. “తిన్నా. పోయినేడు గూడా బోయొచ్చా,” అన్నాడు. “ఆ రోజు అందరం ఒకటే. తెల్లారితే ఎవురి పల్లె వాళ్లది.” కోపంగా అనలేదు. పెరుగు కలుపుకుంటూ, వాన ఎప్పుడు పడుతుందో చెప్పినట్టు చెప్పాడు.

మా మెస్సులో సిద్ధాంతమేమీ లేదు. జాగా తక్కువ, జనం ఎక్కువ, ఓనరుకి బల్ల త్వరగా ఖాళీ కావాలి. ఆ తొందరలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూసే తీరిక ఎవరికీ ఉండదు. బయట రోడ్డు మీద మెస్సుల పేర్లలోనే కులాలు తగిలించుకున్న జిల్లాలో ఇది చిన్న సంగతేం కాదు. డబ్బులిచ్చినవాడికే ఈ చాప అని కూడా నాకు తెలుసు. అయినా ఏడాదికి ఒక్కరోజు పరిచే చాప కన్నా, రోజూ మధ్యాహ్నం ఉండే ఈ ఇరుకే నాకు ఎక్కువ.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అయింది, పేట జిల్లా కేంద్రమైంది. ఆఫీసులొచ్చాయి, కార్లొచ్చాయి. పెంకులు తీసేసి మెస్సు మీద ఇప్పుడు స్లాబు వేస్తున్నారు. పైన ఏసీ హాలు, ఫ్యామిలీలకి విడి క్యాబిన్లు, లిఫ్టు కూడా ఉంటుందట. అదే పప్పు, అదే గోంగూర, రేటు వేరు. వంటాయన ఉత్సాహంగా చూపించాడు. “ఇంక మీలాంటోళ్లు ఈ గోలలో తినక్కర్లేదు సార్, పైన ప్రశాంతంగా కూర్చోవచ్చు.”

నాలాంటోళ్లంటే ఎవరని అడగలేదు. కిందది ఉంచుతారా అని అడిగాను.

“ఉంటది సార్, డ్రైవర్లకీ వాళ్లకీ వీళ్లకీ కావాలిగా,” అంటూ బకెట్టు అందుకున్నాడు.