రేవు పేరున్న సీసా

ఇటాలియన్ మెనూలో 'చికెన్ మార్సాలా' అని కనిపిస్తే మనలో చాలామందికి అచ్చుతప్పు అనిపిస్తుంది. మసాలాలో ఎవరో 'ర' ఇరికించారనుకుంటాం. రెండూ అరబీ నుంచి వచ్చినవే కానీ వాటి మధ్య చుట్టరికమేమీ లేదు. మసాలా అరబీ 'మసాలిహ్' నుంచి పర్షియన్, ఉర్దూల మీదుగా మనదాకా వచ్చింది. మార్సాలా అనేది సిసిలీ పడమటి కొసన ఉన్న ఒక రేవు పట్నం. ఆ చికెన్‌లో పోసే వైన్ ఆ ఊరిది. గుడ్డు సొన, పంచదార వేసి గిలక్కొట్టే జబాయోనేలో పోసేదీ అదే.

827లో అరబ్బులు సిసిలీ మీదికొచ్చారు. వాళ్ల భాషలో 'మర్సా' అంటే ఓడలు లంగరు వేసే చోటు. ట్యునీషియాలో లా మర్సా, ఈజిప్టులో మర్సా ఆలమ్, అన్నీ ఆ మాటే. పేచీ అంతా ఆ చివరి 'లా' దగ్గర. కొందరు 'మర్సా అలీ', అలీ రేవు అంటారు. కొందరు 'మర్సా అల్లా', దేవుడి రేవు అంటారు. నాకు రెండోదే ఇష్టం. మద్యాన్ని వద్దన్న మతం వాళ్లు పెట్టిన పేరు మద్యం సీసా మీదికి ఎక్కడం చరిత్ర ఆడిన పరాచికం.

సీసాకి ఆ పేరుని ప్రపంచమంతా తిప్పింది ఇంకో పరాయివాడు. జాన్ వుడ్‌హౌస్ అనే ఇంగ్లీషు వర్తకుడు 1773లో, సముద్ర ప్రయాణంలో పాడవకుండా స్పిరిట్ కలిపి, ఆ వైన్‌ని ఇంగ్లండ్‌కి పంపాడు. అరబ్బుల పాలన అప్పటికే ఏడువందల ఏళ్ల కిందటి మాట. పేరు మాత్రం పోలేదు. 1969లో ఇటలీ ఆ పేరుకి డీఓసీ హోదా ఇచ్చింది. అరబీ మాటకి ఇప్పుడు ఇటలీ చట్టమే కాపలా.

మనకీ ఇలాంటిదొకటుంది. మచిలీపట్నాన్ని మనం బందరు అంటాం. పర్షియన్‌లో బందరంటే రేవే. మా అమ్మమ్మకి మాత్రం అది పదహారణాల తెలుగు మాట. బందరు లడ్డు నోట్లో వేసుకుంటూ పారశీకాన్ని తలుచుకున్నవాళ్లెవరూ నాకు తారసపడలేదు.

ఊళ్ల పేర్లలోంచి పరాయి మాటల్ని ఏరిపారెయ్యాలన్న ఉబలాటం చూస్తే నాకు ఆఫీసు పని గుర్తొస్తుంది. పాత కోడ్‌లో ఒక పేరు మార్చేముందు దాన్ని ఎక్కడెక్కడ వాడుతున్నారో వెతుకుతాం. ఊరి పేరుకైతే బోర్డులూ రికార్డులూ చూస్తే సరిపోదు, వంటింట్లో కూడా వెతకాలి.