తిన్న గంజాయి

మేడ్చల్ మొదలు శామీర్‌పేట వరకు గల నేల ఒకనాడు ద్రాక్షతోటలకు ప్రసిద్ధి. నేడు అచ్చట ఒకవైపు జీనోమ్ వ్యాలీ పరిశోధనశాలలు, ఒకవైపు నల్సార్, బిట్స్ పిలానీ వంటి విద్యాస్థానములు, వాని నడుమ శనివారపు రాత్రులయందు వెలిగెడి ఫామ్‌హౌసులు, కర్మాగారముల చుట్టును అల్లుకొన్న వలస కూలీల అద్దెగదులు వెలసినవి. ఈ అన్ని తెరగుల ప్రజలకును రాత్రివేళల అత్యవసర చికిత్స చేయుచుండుటచేత, గంజాయి పొగరూపమును విడిచి తినుబండారముగను పానీయముగను మారుచున్న తీరును నేను రోగుల మంచములయొద్దనే గమనింపగలిగితిని.

పొగ పీల్చినవాడు తన మత్తును కొన్ని నిమిషములలోనే ఎరుగును. మించినదని తోచినచో ఆగును. తిన్నవానికి ఆ అవకాశము లేదు. నేను చెప్పదలచినదంతయు ఈ భేదమును గూర్చియే.

పచ్చి మొక్కయందును, దాని జిగురునుండి తీసిన హాష్ ఆయిల్ వంటి గాఢద్రవ్యములలో కొన్నిటియందును మత్తునకు మూలమైన టీహెచ్‌సీ చాలవరకు తన పూర్వరూపమైన ఒక ఆమ్లముగనే ఉండును. ఆ ఆమ్లమునకు మత్తు కలిగించు శక్తి బహుస్వల్పము. వేడి తగిలినప్పుడు అది బొగ్గుపులుసు వాయువును విడిచి టీహెచ్‌సీగా మారును. డీకార్బాక్సిలేషన్ అని రసాయనజ్ఞులు పిలుచు మార్పు ఇదియే. చిలుములోని నిప్పు ఆ పనిని క్షణములో ముగించును. తినదలచినవాడు దానిని ముందుగా పొయ్యిమీదనో ఓవెన్‌లోనో చేయవలసివచ్చును. అయితే ఆమ్లమెంత మారినది, ఎంత ఆవిరియైనది, నూనె పిండిలో ఏ మూలకు చేరినది అని కొలుచు సాధనము ఏ వంటింటను లేదు. ఒకే పళ్లెములోని రెండు కేకుముక్కలలో ఒకటి నిర్వీర్యముగను మరియొకటి దారుణముగను ఉండవచ్చును. పానీయముల సంగతి ఇంతకన్నను ప్రమాదకరము. నూనె నీటితో కలియదు గనుక పైకి తేలియో, గ్లాసు గోడల నంటియో నిలిచి, ఒక గుటకలో ఏమియు లేక వేరొక గుటకలో సర్వమును గొంతు దిగును.

అటుపిమ్మట కాలేయము పని ఆరంభమగును. ప్రేగులనుండి పీల్చబడిన టీహెచ్‌సీ మెదడును చేరుటకు ముందు కాలేయముగుండా పోయి, అచ్చట కొంతభాగము 11-హైడ్రాక్సీ-టీహెచ్‌సీగా మారును. ఆ రూపము మెదడులోనికి మరింత సులువుగా ప్రవేశించును. మత్తు తెలియుటకు అరగంట మొదలు రెండు గంటలు పట్టును. రెండు మొదలు నాలుగు గంటలకు అది శిఖరమునందుకొని, ఎనిమిది గంటలు, ఒక్కొక్కప్పుడు పండ్రెండు గంటలు నిలుచును. ఆ మొదటి రెండు గంటల నిశ్శబ్దమే మనుష్యుని మోసగించును.

శామీర్‌పేట సమీపమున ఒక విందునుండి మిత్రులు మోసికొనివచ్చిన యువకుడొకడు, గుండె నిమిషమునకు నూటనలుబది పర్యాయములు కొట్టుకొనుచుండగా, తాను మరణించుచున్నానని నా చేయి పట్టుకొని వణకెను. తెల్లవారి తేరుకొన్న పిదప అతడు చెప్పిన మాట ఈ వ్యాధి చరిత్ర యంతటికిని సారాంశము: "ఒక ముక్క తిన్న సార్. గంటైనా ఏం ఎక్కుతలేదు. ఉత్తదేనేమో అనుకొని ఇంకో రెండు తిన్న." ఇట్లే 2014 మార్చిలో అమెరికాలోని డెన్వర్ నగరమున, చట్టబద్ధముగా దుకాణమునుండి కొన్న బిస్కత్తులో ఒక భాగము తిని, ఏమియు తోచక, మిగిలినదంతయు తినిన 19 ఏండ్ల విద్యార్థి నాలుగవ అంతస్తునుండి దూకి మరణించెను. ఆ బిస్కత్తుపైన మోతాదు అచ్చువేసియే యుండెను. ఇంట చేసినదానిపైన ఆ మాత్రపు హెచ్చరికయు ఉండదు.

పెద్దలు కొనితెచ్చుకొన్న బాధ యొకయెత్తు. ఏమియు ఎరుగని పసివాడు పడు బాధ వేరొకటి. మేడ్చల్ పారిశ్రామికవాడ దాపున నివసించు దంపతులు మూడేండ్ల బాలుని తెచ్చిరి. వాడు పిలిచిన పలుకడు, కూర్చుండబెట్టిన ఒరిగిపోవును, కాళ్లుచేతులు వడలి వ్రేలాడుచున్నవి. జ్వరము లేదు, దెబ్బ లేదు, రక్తములో చక్కెర సరిగానే యున్నది. "పొద్దుగాల మంచిగనే ఆడిండు సార్" అను మాట తప్ప తల్లి వేరేమియు చెప్పదు. తండ్రి నేలచూపులు చూచును. మెదడువాపు కావచ్చునని తలకు స్కాన్ తీయించి, వెన్నునీరు తీయుటకు మేము సిద్ధపడుచుండగా, వెంటవచ్చిన నాయనమ్మ చీరకొంగున ముడివేసిన కాగితము విప్పి నా చేతబెట్టి, "ఇది తిన్నడు బిడ్డా, పక్కగది పోరగాండ్లది" అనెను. అది గంజాయి కలిపిన చాక్లెట్ చుట్టు కాగితము. మూత్రపరీక్ష ఆమె మాటను నిజము చేసెను. దీనికి విరుగుడు మందు లేదు. శ్వాసను కనిపెట్టుకొని, సెలైన్ ఎక్కించి, మత్తు దిగువరకు ప్రక్కన కూర్చుండుటయే చికిత్స. బాలుడు మరునాటి సాయంకాలమునకు లేచి అన్నము తినెను. ఆ వృద్ధురాలు నోరు విప్పకున్నచో ఆ పసివాని వెన్నులో సూది దిగియుండెడిది.

అమెరికా విషసమాచార కేంద్రములకు ఆరేండ్లలోపు పిల్లలు గంజాయి తినుబండారములు తినిన ఉదంతములు 2017లో 207 అందగా, 2021లో 3,054 అందెను. మిఠాయి రూపమున నున్న విషమును పిల్లవాడు మిఠాయిగానే చూచును. అందు వాని దోషమేమున్నది?

వేరొక కుటుంబమున, గుండె కవాటము మార్పించుకొని, రక్తము గడ్డకట్టకుండుటకు వార్ఫరిన్ వాడుచు, క్యాన్సరుతోను బాధపడుచున్న వృద్ధునకు గంజాయి నూనెతో నొప్పి తగ్గునని అమెరికాలోని బంధువు చెప్పగా, కుమారుడు పాలలో ఆ నూనెచుక్కలు కలిపి ఇచ్చెను. చిగుళ్లనుండి రక్తము కారుచు ఆయన వచ్చెను. వార్ఫరిన్‌ను కరగించు కాలేయపు ఎంజైమునే గంజాయి అడ్డగించగలదు. ఈ ద్రవ్యమున ఔషధగుణము లేదని నేననను. 1985లో అమెరికా కీమోథెరపీ వాంతులకు డ్రోనాబినాల్ అను కృత్రిమ టీహెచ్‌సీని అనుమతించెను. అది మోతాదు నిర్ణయించిన మాత్ర. మన ఔషధ నియమావళిలో ఆయుర్వేదాది మందులకు వర్తించు ఈ(1) అనుసూచియు భంగును ఉమ్మెత్త, నల్లమందు, నల్లజీడిగింజల సరసన విషద్రవ్యముగనే లెక్కించి, వైద్యుని పర్యవేక్షణ లేక వాడరాదనుచున్నది. ప్రకృతిసిద్ధము గనుక నిరపాయము అను వాదము ఆయుర్వేదమునకే సమ్మతము కాదు.

ఆ 1985లోనే మనదేశమున మాదకద్రవ్యముల చట్టము వచ్చెను. హాష్ ఆయిల్‌ను అది చరస్ కిందనే చేర్చినది. గంజాయి కలిపిన మిశ్రమమును, దానితో చేసిన పానీయమును సైతము గంజాయి నిర్వచనమున ఇమిడ్చినది. కేకులో కలిపినంతమాత్రమున నేరము కరగిపోదు. అయితే అదే చట్టములోని 64ఏ సెక్షన్, వ్యసనపరుడు తానై చికిత్సకు వచ్చి పూర్తిచేసినచో, స్వల్ప పరిమాణపు నేరములయందు శిక్షాభయమునుండి రక్షణ కల్పించుచున్నది. భయముతో ఇంటనే దాగినవారికి ఈ సంగతి తెలియవలెను.

కావున మేడ్చల్, శామీర్‌పేట మండలముల తల్లిదండ్రులను, విద్యార్థులను నేను వేడుకొనునది ఇది. తిన్న మనిషి మాటలాడక మగతగా నున్నను, గుండెదడతో బెదరుచున్నను, పసివాడు కారణము లేక తూలుచున్నను, 108కి ఫోను చేయుడు. ఉప్పునీరు త్రాగించి వాంతి చేయింపకుడు. ఏమి తిన్నారో, ఎప్పుడు తిన్నారో దాచక చెప్పుడు. కాగితమున్న వెంట తెండు. వ్యసనము మానదలచినవారికి 14446 అను ఉచిత ఫోను నంబరు కలదు.